ఎలక్షన్ ఖర్చు ప్రభుత్వమే పెట్టుకుంటే నా ఫ్లెక్సీ బాకీ వచ్చేదా?

ఫ్లెక్సీ_రాజా
చిత్తూరులో నాది ఫ్లెక్సీ షాపు. ఒక మిషను, ఇద్దరు కుర్రోళ్లు. 2024 మే ఎలక్షన్ల బాకీ ఇంగా 1 లక్షా 80 వేలు రావాల నాకు. ఒక పార్టీ అని కాదు, రెండు పక్కలా ఉండాయి, మూడు నాలుగు నియోజకవర్గాల ఆర్డర్లు వస్తాయి కాబట్టి ఎవరు ఏందని ఇక్కడ అడగొద్దండి. ఓడిపోయినోళ్ల మనుషులు ఫోన్ ఎత్తరు, గెలిచినోళ్ల మనుషులు ఎత్తి "అన్న యాడికి పోతాడులే" అంటారు, రెండోదే ఎక్కువ కడుపు మండతాది. నిన్న టీ అంగట్లో ఒకాయన చెప్తా ఉన్నాడు, కొన్ని దేశాల్లో ఎలక్షన్ ప్రచారం ఖర్చు ప్రభుత్వమే ఇస్తాదంట కదా, మన రాష్ట్రంలో అట్ల పెడితే నాలాంటోళ్లకి బిల్లు టైముకి వచ్చేది కాదా? తెలిసినోళ్లు చెప్పండి.

కట్టమంచి_గిరి
ప్రభుత్వం బిల్లు టైముకి ఇస్తాదా 😂 అన్నా నువ్వు ఎప్పుడన్నా పంచాయతీరాజ్ రోడ్డు కాంట్రాక్టు చేసినావా? మా బావ చేసినాడు. నీ 1 లక్షా 80 వేలు చానా సేఫ్‌గా ఉండాయి, ఆడే ఉండనీ.

కొర్లగుంట_కిట్టు
+1 గిరి. బిల్లు అప్‌లోడ్ అయింది, టోకెన్ పడింది, డబ్బు పడలేదు. ఇదే కథ.

లా_లలిత
జోకులు పక్కన పెడితే ఇది చాలా పాత చర్చ. 1990లో దినేష్ గోస్వామి కమిటీ, 1998లో ఇంద్రజిత్ గుప్తా కమిటీ, రెండూ ప్రభుత్వమే కొంత భరించాలి అన్నాయి. కానీ డబ్బు చేతికివ్వరు, వస్తు రూపంలో ఇస్తారు. అంటే పెట్రోలు, డీజిలు, మైకు, కాగితం, ఓటర్ల జాబితా కాపీలు ఇలాంటివి. గుప్తా కమిటీ ఓటరుకి 10 రూపాయల లెక్కన కేంద్రం ఏడాదికి 600 కోట్లు వేసి, అంతే మొత్తం రాష్ట్రాలన్నీ కలిసి వేసి ఒక నిధి పెట్టమంది. 1999లో లా కమిషన్ 170వ రిపోర్టు, మొత్తం ఖర్చు ప్రభుత్వమే ఇవ్వడం మంచిదే కానీ పార్టీలు ఇంకెక్కడా చందా తీసుకోకూడదు అనే షరతు పెట్టింది. 2015లో అదే లా కమిషన్ 255వ రిపోర్టులో, ఇప్పుడున్న పరిస్థితిలో మొత్తం ఇవ్వడం కుదిరే పని కాదు అనేసింది.

మనకి ఇప్పుడు అసలేం లేదు అనుకోవద్దు. గుర్తింపు పార్టీలకి దూరదర్శన్‌లో, ఆకాశవాణిలో ఫ్రీ టైము 1998 నుంచి ఉంది. గుర్తింపు పార్టీల అభ్యర్థులకి ఓటర్ల జాబితా ఫ్రీ. పార్టీల ఆదాయానికి ఇన్‌కమ్ టాక్స్ మినహాయింపు. అది కూడా మన డబ్బే కదా.

కొర్లగుంట_కిట్టు
దూరదర్శన్ లో ఫ్రీ టైము అంటే మా అవ్వకి ప్రచారం చేస్తున్నారన్నమాట. మా అవ్వ కూడా ఇప్పుడు యూట్యూబే.

ఫ్లెక్సీ_రాజా
లలితమ్మా, వస్తువులంటే అందులో ఫ్లెక్సీ ఉందా?

లా_లలిత
1998 రిపోర్టులో ఫ్లెక్సీ ఎక్కడుంటుంది అన్నా, అప్పుడు గోడ రాతలు కదా.

సుద్దగోడ_సుబ్బన్న
ఆ గోడ రాతలు రాసినోణ్ణి నేనే. తిరుపతిలో లీలామహల్ నుంచి కపిలతీర్థం దాకా రాత్రిపూట సున్నం కొట్టి తెల్లారేసరికి గుర్తు వేసేటోళ్లం. 1983లో రామారావు తిరుపతిలో నిలబడినప్పుడు నేను పిల్లోణ్ణి, మా మేస్త్రీకి నీలం డబ్బా పట్టుకునేటోణ్ణి. మాకూ బాకీలు ఉండాయి రాజా. మా మేస్త్రీ చచ్చిపోయేదాకా ఒక బాకీ గురించి చెప్తానే ఉన్నాడు. నువ్వింకా వయసులో ఉండావు.

కట్టమంచి_గిరి
ఓదార్పు అంటే ఇది 🙏

ఫీనిక్స్_తిరుపతోడు
రాజా అన్న విన్నది నిజమే, నేను చూసింది చెప్తాను. మాది తిరుపతి భవానీనగర్, ఇప్పుడు అమెరికాలో అరిజోనా. ఇక్కడ 1998లో ఓటింగు పెట్టి జనమే ఒక చట్టం తెచ్చుకున్నారు, క్లీన్ ఎలక్షన్స్ అంటారు. దేశం మొత్తానికి కాదు, రాష్ట్రం వరకే. మెయిన్ అనే రాష్ట్రంలో దీనికన్నా ముందు 1996లోనే తెచ్చారు, తర్వాత కనెక్టికట్ లో కూడా వచ్చింది.

ఎట్లుంటుందంటే, రాష్ట్ర అసెంబ్లీకి నిలబడేవాడు ముందు తన నియోజకవర్గంలో 200 మంది ఓటర్ల దగ్గర తలా 5 డాలర్లు తీసుకోవాలి, ఫారం మీద సంతకంతో. 5 అంటే 5, పది ఇస్తానన్నా కుదరదు. అది వాడి ఖర్చుకి కాదు, జనంలో వీడికి కాస్తన్నా పలుకుబడి ఉందా అని చూసే పరీక్ష. పాసయితే ప్రచారానికి ప్రభుత్వ నిధి ఇస్తుంది, ఇక బయట పెద్ద చందాలు ముట్టకూడదు, డిబేట్‌కి తప్పకుండా రావాలి, మిగిలింది వెనక్కి కట్టాలి. ఇష్టం లేనివాళ్లు చందాలతోనే పోవచ్చు, బలవంతం లేదు.

ఒక జూన్‌లో మిట్టమధ్యాహ్నం తలుపు కొడితే చూశాను, మన రేణిగుంట ఎండ దీని ముందు చలికాలం, చెమటతో తడిసిపోయి ఒకాయన క్లిప్‌బోర్డు పట్టుకుని నిలబడి ఉన్నాడు, అభ్యర్థి ఆయనే. నేను జాలిపడి 5 డాలర్లు తీశాను. మీకు ఇక్కడ ఓటుందా అన్నాడు, లేదన్నాను, అయితే వద్దన్నాడు. నా జీవితంలో ఒక లీడరు నా డబ్బు వద్దనడం అదే మొదలు. మా ఆవిడకి సిటిజన్‌షిప్ వచ్చింది కాబట్టి ఆమె దగ్గర తీసుకుని సంతకం పెట్టించుకుని, మంచినీళ్లు తాగి పోయాడు.

సంఘం_సుజాత
మా ఊర్లో ఓటరు దగ్గర 5 రూపాయలు తీసుకునే లీడర్ని చూడాలని ఉంది నాకు. ఇచ్చేటోళ్లనే చూసినాం.

కొర్లగుంట_కిట్టు
"తలా ఐదు రూపాయలు అడిగినాడు, వీడేం లీడరు" అని డిపాజిట్ పోగొడతారు జనం.

లెక్కల_మామ
@ఫీనిక్స్_తిరుపతోడు ఆ నిధికి డబ్బు ఎక్కడిది? టాక్సా?

ఫీనిక్స్_తిరుపతోడు
ఎక్కువ భాగం జరిమానాల మీద సర్‌చార్జి మామా. ట్రాఫిక్ ఫైను పడితే దాని మీద ఇంకో 10 శాతం ఈ నిధికి పోతుంది. నేనూ ఒకసారి స్పీడు మీద పోయి ప్రజాస్వామ్యానికి నా వంతు కట్టాను.

కట్టమంచి_గిరి
అలిపిరి రోడ్డులో హెల్మెట్ లేనోళ్ల ఫైన్లతో మన 175 సీట్లకీ ఎలక్షన్ చేయొచ్చు అన్నా, మిగుల్తాయి కూడా.

లెక్కల_మామ
సరే లెక్క వేద్దాం. అసెంబ్లీకి అభ్యర్థి ఖర్చు పరిమితి మన దగ్గర 40 లక్షలు, 2022 జనవరిలో పెంచినారు. అంతకుముందు 2014లో 28 లక్షలు, 2020లో 30 లక్షల 80 వేలు. 175 సీట్లు, సీటుకి ముగ్గురు అనుకుంటే, ఒక్కొక్కరికి మొత్తం 40 లక్షలు ఇచ్చినా 210 కోట్లు. ఐదేళ్లకోసారి. 2024-25 రాష్ట్ర బడ్జెట్టు 2 లక్షల 94 వేల కోట్లు. డబ్బు లేక కాదయ్యా ఇది ఆగింది.

సంఘం_సుజాత
40 లక్షలు అంటే ఎవరికి నవ్వు రాదు మామా? మీరంతా ఫ్లెక్సీ, మైకు, టీ గురించి మాట్లాడతా ఉండారు. ముందురోజు రాత్రి ఇంటికొచ్చే కవరు సంగతి ఎవరూ ఎత్తరే? నేను పొదుపు సంఘం లీడర్ని, పన్నెండేళ్లు. మీటింగుకి మనుషుల్ని తీసకరమ్మని ఫోన్లు నాకే వస్తాయి. ఆటో, మధ్యాన్నం బిరియానీ పొట్లం, చేతికి 300. ఒకసారి ఎండకి ఒకామె సొమ్మసిల్లి పడిపోతే స్టేజీ మీద ఆయన స్పీచి ఆపలేదు, నేనూ ఇంకొకామె కండువాతో విసిరినాం, అది ఏ పార్టీ కండువానో కూడా మాకు గుర్తు లేదు. ప్రభుత్వం 40 లక్షలు ఇస్తే ఫ్లెక్సీకి దాన్ని రాసి, సొంత డబ్బు మొత్తం కవర్లలోకి తిప్పుతారు. అంతే తేడా.

లా_లలిత
సుజాతక్క చెప్పిందే ఎలక్షన్ కమిషన్ కూడా చెప్పింది. అభ్యర్థి బయట నుంచి పెట్టే ఖర్చుని ఆపలేనప్పుడు పైనుంచి ప్రభుత్వ డబ్బు ఇస్తే ఉపయోగం లేదు అన్నది వాళ్ల వాదన. దానికి తోడు 40 లక్షల పరిమితి అభ్యర్థికే, పార్టీకి పరిమితి లేదు. పార్టీ తన పేరుతో మామూలు ప్రచారానికి ఎంతైనా పెట్టొచ్చు. 1974లో ఆర్డినెన్సు తెచ్చి మరీ ఆ సందు పెట్టారు.

ఫ్లెక్సీ_రాజా
అయితే ఎన్ని కమిటీలు వేసినా నాకు రాదంటారు.

మోడరేటర్
ఒక పోస్టులో పార్టీ పేరు, ఒకాయన ఇంటి పేరు రాశారు, తీసేశాను. ఎవరి మీదైనా ఆరోపణ ఉంటే ఇక్కడ వద్దు. మిగతాది కానివ్వండి.

సిలిండర్_గుర్తు_కొడుకు
లెక్కల మామ గారి 40 లక్షల దగ్గర నాకొక మాట గుర్తొచ్చింది. మా నాయన ఒకసారి అసెంబ్లీకి ఇండిపెండెంటుగా నిలబడినాడు. ఎందుకు అని అడగొద్దు, ఊరి చెరువు కోసం. మాకు గ్యాస్ సిలిండర్ గుర్తు వచ్చింది. డిపాజిట్ 10 వేలు, ఆరో వంతు ఓట్లు రాకపోతే పోతాది, పోయింది. మొత్తం ఖర్చు 63 వేలు.

నామినేషన్ వేసినప్పుడు ఒక రిజిస్టరు ఇస్తారు, తెల్ల పేజీలు రోజువారీ ఖర్చుకి, గులాబీ పేజీలు క్యాషుకి, పసుపు పేజీలు బ్యాంకుకి. ఎలక్షన్ కోసం విడిగా బ్యాంకు అకౌంటు తెరవాల. ప్రచారం అయ్యేలోగా మూడుసార్లు పోయి చూపించాల. పెద్ద పార్టీల తరఫున ఆడిటర్లు ఏసీ కార్లో వచ్చినారు, మా నాయన తరఫున డిగ్రీ సెకండియర్ నేను, బస్సులో. అధికారి మా తెల్ల పేజీ చూసి "రోజుకి ఆరు టీలేనా, తక్కువ రాస్తా ఉండారే" అన్నాడు. ఉండేదే ఆరుమంది సార్ అన్నా. ఆయన నవ్వలేదు. ఆరో ఆయన పేరు అడిగినాడు.

ఇప్పుడు లలిత గారిని ఒకటి అడుగుతా. ప్రభుత్వం ఇస్తే మా నాయనకి ఇచ్చేదా?

లా_లలిత
ఇవ్వదు. గుప్తా కమిటీ గుర్తింపు ఉన్న పార్టీలకే అంది, ఇండిపెండెంట్లకి లేదని స్పష్టంగా రాసింది.

సిలిండర్_గుర్తు_కొడుకు
అదీ సంగతి. ఉన్నోళ్లకే ఇస్తారు. ఫీనిక్స్ అన్న చెప్పిన 200 సంతకాలు పెట్టుంటే మా నాయన పాసయ్యేటోడు, 200 మంది అయితే గ్యారెంటీగా ఉండారు.

కొర్లగుంట_కిట్టు
కానీ ఇండిపెండెంట్లకి కూడా ఇస్తే ఒక్కో సీటుకి వందమంది నిలబడతారు, 40 లక్షలు తీసుకుని ఇంట్లో కూర్చుంటారు. నేనే నిలబడతా. గుర్తు ఏదైనా పర్లేదు.

సిలిండర్_గుర్తు_కొడుకు
అందుకే కదా ముందు సంతకాలు. నీకు 200 మంది సంతకం పెడతారా కిట్టూ?

కొర్లగుంట_కిట్టు
మా వాట్సాప్ గ్రూపులో 256 మంది ఉన్నారు.

కట్టమంచి_గిరి
అందులో 250 మంది నిన్ను మ్యూట్‌లో పెట్టినారు.

రిటైర్డ్_డీటీ
నేను రెవెన్యూలో డిప్యూటీ తహసీల్దారుగా చేసి రిటైర్ అయ్యాను. ఎన్నికల ఖర్చు పరిశీలన డ్యూటీ మూడు ఎన్నికల్లో చేశాను కాబట్టి ఈ ఆరు టీల బాబుకి సమాధానం చెప్తాను. మేం అభ్యర్థి రాసుకున్న రిజిస్టరు ఒక్కటే చూడం, మా దగ్గర షాడో రిజిస్టరు అని ఒకటి ఉంటుంది. వీడియో టీము మీటింగు తీసుకొస్తే మేం కూర్చుని ఎన్ని కుర్చీలు, ఎన్ని షామియానాలు, ఎన్ని బండ్లు అని లెక్కపెట్టి జిల్లా రేటు పట్టిక ప్రకారం విలువ కడతాం. కుర్చీకింత, టీకింత, కండువాకింత అని పట్టిక ముందే ఇచ్చేస్తారు. మొదటి రెండు రోజులు కుర్చీలు బాగా కనపడ్డాయి. మూడో రోజు నుంచి కుర్చీలు లేవు, జనం అంతా నిలబడే ఉన్నారు, ముసలివాళ్లు కింద కూర్చున్నారు. కుర్చీ లేకపోతే లెక్క లేదు కదా! రాత్రి పది దాకా నేనూ వీడియోగ్రాఫరూ పాజ్ చేసి పాజ్ చేసి చూసేవాళ్లం, ఒక మూల నీలం ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి టార్పాలిన్ కప్పి కనపడ్డాయి. వాడినవా వాడనివా? రాసుకున్నామా లేదా అన్నది చెప్పను.

ఇంకో మాట. ఖర్చు లెక్క ఫలితం వచ్చిన 30 రోజుల్లో ఇవ్వాలి, ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హత. ఈ వేటు పడేది ఎక్కువగా సిలిండర్ బాబు నాన్నలాంటి వాళ్ల మీదే, ఓడిపోయి ఊరికి పోయి లెక్క ఇవ్వడం మర్చిపోతారు. పెద్దవాళ్ల ఆడిటరు మర్చిపోడు.

సిలిండర్_గుర్తు_కొడుకు
మేం ఇచ్చినాం సార్, 22వ రోజు. నా దగ్గర రసీదు ఉండాది ఇంగా.

ఫీనిక్స్_తిరుపతోడు
డీటీ గారూ ఇక్కడ ఒక అసెంబ్లీ మెంబరు ప్రభుత్వ నిధి తీసుకుని పరిమితి దాటి ఖర్చు పెట్టాడని 2006లో ఏకంగా సీటే పోయింది. గెలిచాక! ఇక్కడ ప్రభుత్వ డబ్బు కాబట్టి ప్రతి డాలరుకీ రసీదు అడుగుతారు.

లా_లలిత
మనకీ ఒకటుంది. 2011లో ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఉమ్లేష్ యాదవ్ మీద మూడేళ్ల అనర్హత వేటు వేసింది కమిషన్, పేపర్లో డబ్బిచ్చి రాయించుకున్న వార్తల ఖర్చు చూపించలేదని. కానీ అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

సంఘం_సుజాత
ఫీనిక్స్ అన్నా, మీ ఊర్లో మరి అంతా బాగుందా? నమ్మబుద్ధి కావడంలా.

ఫీనిక్స్_తిరుపతోడు
లేదక్కా. మొదట్లో ఎదుటివాడు సొంత డబ్బు గుమ్మరిస్తే ఇతనికి నిధి నుంచి అదనంగా ఇచ్చేవాళ్లు, 2011లో అమెరికా సుప్రీంకోర్టు అది కొట్టేసింది. అప్పటి నుంచి నిధి తీసుకునేవాళ్లు తగ్గారు. ఇంకా బయటి గ్రూపులు విడిగా ఎంతైనా ఖర్చు పెట్టొచ్చు, ఇక్కడా మన పార్టీ ఖర్చులాంటి సందే. కానీ 2002లో ఈ డబ్బుతోనే ఒకావిడ గవర్నరుగా గెలిచింది, జానెట్ నపొలిటానో. ఇక్కడ గవర్నరంటే మన ముఖ్యమంత్రి లెక్క.

లెక్కల_మామ
మన దగ్గర చందా సంగతి ఇంకా ఘోరం కదా. ఎలక్టోరల్ బాండ్లు 2018 నుంచి నడిచినాయి, ఎవరిచ్చినారో మనకి తెలీదు, 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఓటరుకి చెప్పకుండా తీసుకునేకన్నా ఖజానాలో నుంచి తీసుకుంటే అయినా తెలుస్తుంది.

లా_లలిత
రాష్ట్రం మొదలుపెట్టాలంటే ఒక దారి ఉంది మామా. అసెంబ్లీ ఎన్నికల చట్టం పార్లమెంటు చేతిలో ఉంటుంది కానీ పంచాయతీ, మున్సిపల్ ఎన్నికల చట్టాలు రాష్ట్రానివే. తిరుపతి కార్పొరేషన్‌లో డివిజన్లకి పెట్టి చూడొచ్చు, సంతకాల పద్ధతితో.

కట్టమంచి_గిరి
పంచాయతీకి రాష్ట్రం ఆల్రెడీ డబ్బు ఇస్తాది కదా 😂 2021లో ఏకగ్రీవం అయితే 2 వేల లోపు జనాభా ఉండే ఊరికి 5 లక్షలు, 10 వేలు దాటితే 20 లక్షలు అన్నారు. ఎలక్షన్ జరక్కుండా ఉంటే ఇస్తారు, జరిగితే ఇవ్వరు. మాది పబ్లిక్ ఫండింగ్ కాదు, పబ్లిక్ ఎండింగ్.

సంఘం_సుజాత
మా పక్కూరు అట్ల ఏకగ్రీవం అయింది. ఎట్ల అయిందో అందరికీ తెలుసు.

లెక్కల_మామ
రాజా, అన్నీ మాట్లాడినాం, నీ సంగతి ఒకటి అడగలేదు. బిల్లు ఉందా నీ దగ్గర? ఉంటే కోర్టుకి పోవచ్చు కదా, 1 లక్షా 80 వేలు చిన్న మొత్తం కాదు.

ఫ్లెక్సీ_రాజా
అక్కడే ఉంది మామా అసలు కథ, చెప్పకూడదు గానీ చెప్తా. ఎలక్షన్ కోడ్ వచ్చినాక ఏ పోస్టరు, కరపత్రం వేసినా కింద ప్రింటరు పేరు, పబ్లిషరు పేరు ఉండాల, ఎన్ని కాపీలో వేయాల. వేయించుకునేటోడు ఒక డిక్లరేషను మీద సంతకం పెట్టాల, వాణ్ణి తెలిసిన ఇద్దరు సాక్షి సంతకం పెట్టాల, ఒక కాపీ కలెక్టరాఫీసుకి పంపాల. తప్పితే ఆరు నెలల జైలు దాకా ఉండాది. ఫ్లెక్సీకీ అదే అడుగుతారు. కాగితం అంతా పద్ధతిగానే ఉంటాది. కాకపోతే కాగితం మీద 40 ఉంటాయి. మిషను నుంచి ఎన్ని వచ్చినాయో మిషనుకే తెలుసు. రాత్రి రెండింటికి పెన్‌డ్రైవు తెచ్చి "రాజా, కింద లైను అట్లనే ఉండనీ, నంబరు మార్చొద్దు" అంటారు. ఆ 40కి బిల్లు ఉంది, డబ్బు చెక్కుతో వచ్చేసింది, పసుపు పేజీలో రాసుకుని ఉంటారు. బాకీ అంతా మిగిలినదానికి. దానికి చేతిరాత చీటీ ఉంది, చీటీ మీద "అన్న" అని ఉంది. కోర్టుకి పోతే ముందు నన్నే లోపలేస్తారు.

రిటైర్డ్_డీటీ
నేను ఈ పోస్టు చదవలేదు.

లా_లలిత
రాజా అన్నా దయచేసి ఇది డిలీట్ చేయండి. రెండోది, ప్రభుత్వం డబ్బిస్తే మీకు వచ్చేది కూడా ఆ 40కే.

సంఘం_సుజాత
నేను చెప్పింది అదే కదా, కవరు కథ. రసీదు ఇవ్వాల్సిన డబ్బు ఎవరిక్కావాల?

సిలిండర్_గుర్తు_కొడుకు
మాకు కావాల అక్కా. మాకైతే ఉండాయి రసీదులు, టీకి కూడా.

సుద్దగోడ_సుబ్బన్న
మా కాలంలో చీటీ కూడా లేదు. మాటే.

ఫ్లెక్సీ_రాజా
డిలీట్ బటన్ కనపళ్ళా, మోడరేటర్ గారూ మీరే చూడండి. ఇంకోటి, ఈ పొద్దు మధ్యాన్నం ఆ చీటీ రాసిన పిల్లోడే షాపుకి వచ్చినాడు. డబ్బు తెచ్చినాడేమో అని కుర్చీ వేసి టీ చెప్పినా. జేబులో నుంచి పెన్‌డ్రైవు తీసినాడు. వచ్చే వారం అన్న పుట్టినరోజంట, ఇరవై అడుగులవి పది, రేపు సాయంత్రానికి కావాలంట. పాతది అడిగితే "అన్న పుట్టినరోజు పూట బాకీ మాటలేంది రాజా" అన్నాడు.

లెక్కల_మామ
వేయొద్దు.

కట్టమంచి_గిరి
అడ్వాన్స్ లేకుండా వేయొద్దు అన్నా.

కొర్లగుంట_కిట్టు
ఫోటో మీద మీసం గీసి వేయి.

ఫ్లెక్సీ_రాజా
ఆరు అయిపోయినాయి. కోడ్ లేదు కాబట్టి కాపీల నంబరు వేసే పని తప్పింది.